తిరిగే కాలు, తిట్టే నోరు

మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన పిల్ల డాక్టర్లందరూ ఒకటే పాట పాడతారు: చలి ముదిరితే ఎముకలు ఎక్కువ విరుగుతాయని. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. సియోల్‌లో ఒక కొండవాడ అడుగున ఉన్న ఎముకల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు పిండికట్లు కట్టినవాణ్ణి నేను. డాక్టరు ఎముక సరిచేసి చేతులు కడుక్కుని పోతాడు. తడిపట్టీ చుట్టేదీ, అది ఆరేదాకా ఆ చెయ్యి పట్టుకు కూర్చునేదీ, వాళ్ళ ఏడుపు వినేదీ నేనే.

నేను చూసినంతలో, ముక్కు ఊడిపోయేంత చలిలో జనం ఇల్లు కదలరు. కదిలినా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తారు. మధ్యాహ్నం కాస్త ఎండ వచ్చి మంచు కరిగి, పొద్దుగూకాక మళ్ళీ బిగుసుకుంటుందే, ఆ మర్నాడు పొద్దున మా కట్లగది ముందు బల్లలు చాలవు. యాభై దాటిన ఆడవాళ్ళకి మణికట్టు, కుర్రకారుకి చీలమండ, ముసలివాళ్ళకి తుంటి. జేబుల్లోంచి చేతులు తియ్యని మగ వెధవలకి మూతి.

మనుషుల మీద నాకు పెద్ద గౌరవమేమీ లేదు. ఆ గదిలో కూర్చుంటే ఎవరికీ మిగలదు. తన వాకిట్లో మంచు పక్కవాడి వాకిట్లోకి నెట్టేవాళ్ళని చూశాను. పడ్డవాణ్ణి చూసి ముందు నవ్వి, ఆ తర్వాత చెయ్యి అందించేవాళ్ళని చూశాను. ఆ వాడ మొత్తం మీద నేను మనిషిగా లెక్కవేసింది ఒక్కావిడనే. పేరు తక్ మక్‌సూన్. ఆవిడ నన్ను లెక్కలోంచి తీసేసిన సంగతి చెబుతాను.

మక్‌సూన్ అంటే ఆఖరిది. వరసగా ఐదుగురు ఆడపిల్లల తర్వాత ఈవిడ పుడితే, ఇక చాలు దేవుడా అని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. దేవుడు వినలేదు, ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. "నా పేరు అబద్ధం, నా నోరు నిజం" అనేది ఆవిడ. పుట్టింది దక్షిణాన సముద్రపొడ్డున, మొక్‌పో దగ్గర ఉప్పుమళ్ళలో. అందుకే వాడలో అందరికీ మొక్‌పో ఆవిడ. కొండ కింద బజారులో చిన్న కొట్టు పెట్టుకుని ముల్లంగి కిమ్చి పచ్చడి, ఉప్పురొయ్యలు, సోయాలో ఊరేసిన పీతలు అమ్మేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇల్లు కొండ నెత్తిన. తెల్లారకుండానే తట్ట నెత్తిన పెట్టుకుని నూట పన్నెండు మెట్లు దిగేది, సాయంత్రం ఖాళీ తట్టతో ఎక్కేది. అరవై నాలుగేళ్ళ వయసులో కూడా దారిలో ఎక్కడా ఆగి ఆయాసపడటం నేను చూడలేదు.

ఆ మెట్ల మీదే ఆవిడ అత్తగారు ఒక చలికాలం జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ రోజుల్లో ఆపరేషన్ల మాట మా వాడకి తెలియదు. ముసలామె పైగదిలో మూడు నెలలు పక్కమీదే ఉండి, వీపంతా పుళ్ళుపడి పోయింది. ఎత్తి, తిప్పి, కడిగింది మక్‌సూన్. అత్తంటే ప్రేమా అంటే, ఆ ముక్క ఆవిడ దగ్గర అనకూడదు. "బతికినన్నాళ్ళూ నన్ను కాల్చుకు తింది. అయినా ఆ చావు పగవాడిక్కూడా వద్దురా నాయనా. నాకు మాత్రం అసలొద్దు. నేను కొట్లో నిలబడే పోవాలి" అనేది. ఆవిడకి లోకంలో ఉన్న భయం అదొక్కటే.

అప్పటినుంచి పట్టింది ఆవిడకి బూడిద పిచ్చి. ప్రతి ఇంట్లోనూ చిల్లుల బొగ్గుదిమ్మలు కాల్చే కాలం. కాలిన దిమ్మల్ని జనం గుమ్మం పక్కన పేర్చి ఉంచేవాళ్ళు. ఆవిడ ఎవర్నీ అడక్కుండా వాటిని తెచ్చి, మెట్ల మీద పడేసి, కాలితో చితక్కొట్టి, పైనుంచి కిందిదాకా పరిచేది. పరుస్తూ ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి తిట్టేది. "ఓ నాలుగో ఇంటాయనా, నిద్ర లేవవేం, నీ కాళ్ళు విరగ! ఏమే రొట్టెలదానా, వాకిట్లో నీళ్ళు పోస్తావా, నీ నడుం విరగ!" తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఆవిడకి రెండూ ఉన్నాయి. కాళ్ళు విరగ అని తిడుతూ, అవి విరక్కుండా బూడిద చల్లే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత గ్యాస్ వచ్చింది. ఒక్కొక్క ఇల్లే బొగ్గు మానేసింది, నాలుగేళ్ళలో వాడలో పిడికెడు బూడిద లేకుండా పోయింది. ఇళ్ళు వెచ్చబడ్డాయి, మెట్లు గాజులా తయారయ్యాయి. వార్డు ఆఫీసువాళ్ళు ఇసుకపెట్టె ఒకటి పెట్టారు, కొండ కింద బస్సు రోడ్డు పక్కన. మక్‌సూన్ కొట్టు మూసి మరీ వెళ్ళి అడిగింది. అక్కడి గుమాస్తా, "మెట్లు రోడ్డు కిందికి రావు పెద్దమ్మా" అన్నాడట.

"రావు బాబూ, మెట్లు ఎక్కడికీ రావు. మేమే వాటి మీంచి దొర్లుకుంటూ రోడ్డు మీదికొస్తాం" అనేసి వచ్చింది.

ఇక మెట్ల సగం దగ్గర, మలుపులో, నీలం ఇనప గేటు ఇల్లు. ఇంటావిడ కూ బొంగ్‌నిమ్, దేగు నుంచి వచ్చిన వితంతువు, రెండు గదులు అద్దెకిచ్చుకుని బతికేది. గిన్నెలు కడిగిన నీళ్ళు, గచ్చు తుడిచిన నీళ్ళు గేటు తెరిచి మెట్ల మీదికి పారబోసేది. కొండ మొత్తం మీద నిటారుగా ఉండే చోటు అదే, అన్నిటికన్నా మందంగా మంచు పట్టేదీ అక్కడే. ఈ ఇద్దరికీ పధ్నాలుగేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మొక్‌పో యాసని ఈవిడ వెక్కిరించేది, దేగు పొగరుని ఆవిడ ఏకి పారేసేది.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం ఎండ కాసి మెట్లన్నీ కారడం మొదలుపెట్టాయి. నేను బజారులో ఉన్నాను. బొంగ్‌నిమ్ మక్‌సూన్ కొట్టు ముందు నిలబడి ఒక పీతని ఎత్తి వాసన చూసింది.

"ఈ పీత చచ్చి ఎన్నేళ్ళయిందే?"

"నీ మొగుడు పోయిన రోజే పోయింది. ఇద్దర్లో దీనికే కాస్త రుచి మిగిలింది."

"కుళ్ళిపోయింది!"

"సముద్రం మొహం చూడకుండా ఆపిల్ పళ్ళు కొరుక్కుని పెరిగిన దేగుదానివి, పీత వాసన నీకేం తెలుసే! పెట్టు కింద. మళ్ళీ నా కొట్టు ముందు కనబడ్డావంటే నీ వీపు మీద ఉప్పు పడుద్ది, చెబుతున్నా!"

బజారులో అందరి తలలూ అటు తిరిగాయి. గిట్టని మనిషి గడప దాటగానే, ఆ శని మళ్ళీ తిరిగి రాకూడదని వెనక నుంచి గుప్పెడు కల్లుప్పు విసరడం మావాళ్ళలో ఉన్నదే. ఉప్పు పడ్డ మనిషి ఆ అవమానాన్ని ఎన్నేళ్ళయినా మరిచిపోదు. బొంగ్‌నిమ్ మొహం కందగడ్డలా అయింది. పీతని తట్టలో విసిరికొట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి చలి మళ్ళీ బిగిసింది. మర్నాడు ఆరు గంటలకి నేను గది తలుపు తీసేసరికి, మసక వెలుతురులో మక్‌సూన్ నడుం వంచి మెట్ల మీద ఏదో చల్లుతోంది. నేనుండే గది కింది నుంచి తొంభయ్యో మెట్టు దగ్గర. చూస్తే ఉప్పు. ఉప్పుమళ్ళలో ఉన్న చెల్లెలు ఏటా పంపే బస్తాలో కిమ్చికి పోగా మిగిలింది. అప్పటికే నీలం గేటు దాకా చల్లి పైకి వస్తోంది, సందులు మిగిలిన చోట ఇంకో గుప్పెడు వేస్తూ.

"ఏరా కట్లోడా, చూసుకుని దిగు. నీ చెయ్యి విరిగితే నీకెవడు కట్టు కడతాడు?"

"అంత ఉప్పు దండగ కాదా పెద్దమ్మా?"

"బూడిద లేదుగా మరి, ఏం చెయ్యను? ఆ దేగుదాని గేటు దగ్గరే సగం బస్తా పట్టింది. దాని పాచినీళ్ళు వేలెడు మందాన గడ్డకట్టి చచ్చాయి. అది కరగాలి ముందు. తట్ట తెచ్చుకుంటాను, నువ్వు పద."

ఆవిడ పైకి వెళ్ళింది, నేను కిందికి దిగాను. నీలం గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు తెరుచుకుంది. బొంగ్‌నిమ్ చీపురు పట్టుకుని నిలబడి, గుమ్మం ముందు తెల్లగా పరుచుకున్న ఉప్పు వంక చూస్తోంది. అప్పటికే అడుగున మంచు పలచబడి చిటపటలాడుతోంది. ఆవిడకి అదేమీ కనబడలేదు, ఉప్పొక్కటే కనబడింది.

"చూశావా, చూశావా! అన్నంత పనీ చేసింది! నా గుమ్మంలో, పొద్దున్నే, ఇంత ఉప్పు! నేనేం శవాన్నా? నన్ను శనిలా తరిమెయ్యాలనా?"

అది మంచు కరగడానికమ్మా అని నేను అనవచ్చు. ఒక్క మాట. కానీ అంటే ఆవిడ నామీద పడుతుంది, ఇద్దరి మధ్యా నేను సాక్షినవుతాను, డ్యూటీకి ఆలస్యమవుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని ఊరుకున్నాను. ఆవిడ లోపలికి పోయి బకెట్టుతో వేడినీళ్ళు తెచ్చి గుమ్మం మీద గుమ్మరించింది. పొగలు లేచాయి. ఉప్పంతా కొట్టుకుపోయి మెట్ల మీదుగా కిందికి జారింది. రెండో బకెట్టు తెస్తుంటే నా బూట్లు తడుస్తాయని పక్కకి తప్పుకున్నాను.

ఆ నీళ్ళు ఏమవుతాయో నాకు తెలుసు. ఉప్పు కడుక్కుపోయిన రాయి మీద వేడినీళ్ళు పావుగంటలో ఎలాంటి అద్దం తయారుచేస్తాయో ఆ వాడలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషాన, ఈ ఇద్దరూ చావనీ, ఒకరు పడితేనేగాని మరొకరికి బుద్ధి రాదు అనుకున్నాను. పోయి ఆసుపత్రి తలుపులు తీసి, పట్టీలు నానబెట్టడానికి నీళ్ళు పెట్టుకున్నాను.

ఏడు కాకముందే బొంగ్‌నిమ్ ఇంట్లో అద్దెకుండే తాపీమేస్త్రీ మక్‌సూన్‌ని వీపున మోసుకొచ్చాడు. వెనక ఎవరో ఖాళీ తట్ట తెచ్చారు. బల్ల మీద పడుకోబెట్టగానే కుడికాలు చూశాను. ఎడమదానికన్నా పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగిపోయింది. ఎక్స్‌రే ఎందుకు, నాకు అప్పుడే తెలిసిపోయింది.

"విరిగిందా?" అంది.

"విరిగింది పెద్దమ్మా."

"మా అత్తకి విరిగిందేనా?"

"అదే."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ లేనిది, తిట్టలేదు. "నా తర్వాత ఎవరైనా పడ్డారా?" అని అడిగింది. అప్పటికే గది బయట ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇద్దరికి మణికట్లు, ఒకతనికి మోచెయ్యి. లేదని అబద్ధమాడాను. తుంటికి పిండికట్టు పనికిరాదు, లోపల కడ్డీ వేయాలి. పెద్దాసుపత్రికి పంపించేశాం.

మధ్యాహ్నానికల్లా వాడలో కథ తయారైపోయింది. మొక్‌పో ఆవిడ తెల్లారకుండా దేగు ఆవిడ గుమ్మంలో ఉప్పు చల్లి శాపం పెట్టబోయిందనీ, దేవుడు అక్కడికక్కడే పడగొట్టాడనీ. బియ్యపురొట్టెల కొట్లో బొంగ్‌నిమ్ చేతులు తిప్పుతూ చెబుతుంటే నేను పక్కనే నిలబడి రొట్టె తింటున్నాను. బూడిద ఉన్నన్నాళ్ళూ మక్‌సూన్ చల్లిన దారిమీద నడిచినవాళ్ళే తల ఊపుతున్నారు. నాకు వాళ్ళందరి మొహాల మీదా ఉమ్మాలనిపించింది. అంత కోపం వచ్చినా ఒక్క మాట అనలేదు.

రెండు వారాలు గడిచాక నారింజలు కొనుక్కుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయింది. లేచి నడుస్తుందో, అత్తలాగే మంచాన పడి పోతుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆవిడ చిక్కి సగమైంది. కూర్చోబెడదామని నర్సు వస్తే నొప్పికి పళ్ళు కొరుకుతోంది, అయినా కూర్చుంటోంది. నేను నారింజ ఒలుస్తుండగా గుమ్మంలో బొంగ్‌నిమ్ ప్రత్యక్షమైంది, చేతిలో మూత గిన్నె.

"జావ. తాగితే తాగు, లేకపోతే మానెయ్."

"విషమేమైనా కలిపావా?"

"నీకు విషం కూడా దండగే." గిన్నె బల్లమీద ఠంగున పెట్టింది. "ఒకటి అడిగి పోదామని వచ్చాను. నా గుమ్మంలో ఉప్పెందుకు చల్లావే?"

"మంచు కరగడానికి. ఇంకెందుకు చల్లుతారే గాడిదా?"

"ముందురోజే కదే అందరి ముందూ అన్నావు, నా వీపు మీద చల్లుతానని!"

"అన్నాను. వీపు మీదన్నాను. నువ్వు ఎదురుగా ఉంటే నీ కళ్ళల్లో పడేలా చల్లుతాను. నువ్వు ముసుగుతన్ని పడుకుంటే దొంగలా వచ్చి గుమ్మానికి చల్లిపోతానా? పధ్నాలుగేళ్ళ నుంచీ తిడుతున్నానే నిన్ను, నీ చాటున ఒక్క మాటన్నానా?"

బొంగ్‌నిమ్ మంచం అంచున కూలబడింది.

"మరి నేను... వేడినీళ్ళు పోసి కడిగేశానే."

"తెలుసు. గట్టి మంచు మీద పడితే పావడా తడవదు. నాది పిండితే నీళ్ళు కారాయి, ఉప్పుకి కరిగితే అన్ని నీళ్ళుండవు."

"తెలిసి కూడా వాడలో ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మొహం చెల్లక ఇల్లమ్ముకుని దేగు పారిపోతావు. నేను లేచి వచ్చి ఎవర్ని తిట్టాలి?"

బొంగ్‌నిమ్ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నీ నోరు పడిపోను" అంది. నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. నవ్వొచ్చింది కూడా. అక్కడితో లేచి వచ్చేసినా బాగుండేది, తగుదునమ్మా అని నోరు తెరిచాను.

"పోనీలెండి పెద్దమ్మా, ఇద్దరికీ సంగతి తెలిసిపోయింది కదా."

మక్‌సూన్ తల నావైపు తిప్పింది. "నువ్వు నా ముందే దిగావు కదరా ఆ రోజు. ఇది నీళ్ళు పోస్తుంటే చూశావా?"

నేను నారింజ వంక చూశాను. జవాబు బొంగ్‌నిమ్ చెప్పింది. "చూడకేం, పక్కనే నిలబడ్డాడు. రెండో బకెట్టు తెస్తుంటే బూట్లు తడుస్తాయని తప్పుకున్నాడు కూడా."

"ఉప్పు ఎందుకు చల్లానో నీకు చెప్పాను. నీళ్ళు పోస్తే ఏమవుద్దో నీకు బాగా తెలుసు. దీనికి చెప్పలేదు సరే. వెనక్కి తిరిగి 'పెద్దమ్మా, ఆగు' అని ఒక్క కేకెయ్యడానికి నీకేమొచ్చిందిరా?"

"డ్యూటీకి ఆలస్యమవుతుందని..."

"దీనికి నేనంటే పగ. నీకేం పగరా నామీద?"

"నాకే పగా లేదు పెద్దమ్మా. నిజం."

"అదేరా. పగ కూడా లేదు."

ఇంకేమైనా అంటుందని చూశాను. నాలుగు తిట్లు తిడితే తేలికపడి వద్దామనుకున్నాను. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుని, బొంగ్‌నిమ్‌తో "ఆ జావ ఇటు తే, చల్లారితే కుక్క కూడా తాగదు" అంది.

మక్‌సూన్ అత్తలా పోలేదు. వసంతానికి నాలుగుకాళ్ళ ఊతకర్ర పట్టుకుని లేచింది. లేచిందన్న మాటేగాని, నూట పన్నెండు మెట్లు దిగే కాలు మాత్రం రాలేదు. కొట్టు పోయింది. పైగదిలో కిటికీ దగ్గర కూర్చుని ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ మెట్ల మీద ఎవరూ ఏమీ చల్లలేదు. మా గదిలో నేను వంచిన నడుం ఎత్తలేదు. ఆ చలికాలాలు అంతకుముందువాటికన్నా వెచ్చనివే. ఆ ముక్క పిల్ల డాక్టర్లకి చెబితే నన్ను వింతగా చూశారు.

బొంగ్‌నిమ్ మాత్రం రోజూ యాభై మెట్లెక్కి పైకి వెళ్ళేది, ఏదో ఒక గిన్నె పట్టుకుని. కాసేపటికే ఇద్దరి అరుపులూ నా గదిలోకి వినబడేవి. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆవిడ, తినే మొహానికి అదే ఎక్కువని ఈవిడ. నేను ఎదురుపడితే మక్‌సూన్ చూపు నా మీంచి అవతలి గోడ మీదికి పోయేది. పలకరిస్తే వినబడనట్టు ఉండేది. తిట్టదు. వాడలో కుక్కని కూడా తిట్టే మనిషి, నన్నొక్కణ్ణే తిట్టదు.

మూడో చలికాలంలో, ఊతకర్ర రబ్బరు బుడిపెలు అరిగిపోయాయని బొంగ్‌నిమ్ ఎవరితోనో అంటుంటే విన్నాను. నా పనే కదా అని ఆసుపత్రి నుంచి కొత్తవి నాలుగు తీసుకుని పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఇద్దరూ వెచ్చటి గచ్చు మీద కూర్చుని మినపమొలకలు ఏరుకుంటూ పోట్లాడుకుంటున్నారు. నేను గడపలో నిలబడి, "పెద్దమ్మా, ఇవి మార్చి పోతాను" అన్నాను.

మక్‌సూన్ మొలకల మీంచి తల ఎత్తలేదు.

"తలుపెయ్యవే దేగుదానా, చలిగాలి వస్తోంది" అంది.

బొంగ్‌నిమ్ లేచి వచ్చింది. నా చేతిలో బుడిపెలు తీసుకుని, నా మొహంలోకి ఒకసారి చూసి, తలుపు వేసింది.